అరగంటలో మూడు బస్సులు, మూడూ ఒకేసారి: హైదరాబాద్ సిటీ బస్సు మళ్లీ ఎక్కాలంటే ఏం మారాలి?

వెంకటరమణ_తూర్పుశివారు · ఆదివారం రాత్రి 9:15

పదకొండేళ్లు సిటీ బస్సులోనే ఆఫీసుకు వెళ్లాను. నెల పాసు జేబులో, క్యారేజీ చేతిలో, అదే జీవితం. నిరుడు బైకు కొన్నాను. ఇప్పుడు నడుము నొప్పి, ముక్కు నిండా పొగ. పెట్రోలు ఖర్చు పాసు కంటే ఎక్కువే అవుతోంది. అయినా మళ్లీ బస్సుకు మారలేకపోతున్నాను.

ఎందుకని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. టికెట్ ధర కాదు. రద్దీ కూడా కాదు, గంటసేపు నిలబడి వెళ్లడం నాకు ఎప్పటి నుంచో అలవాటే. స్టాపులో అడుగుపెట్టాక బస్సు ఐదు నిమిషాల్లో వస్తుందో నలభై నిమిషాలకు వస్తుందో తెలియకపోవడమే అసలు కారణం. తొమ్మిదిన్నరకు హాజరు పడాలంటే ఎనిమిదింటికే ఇల్లు వదలాలి. ఒకరోజు 8:50కే ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంటాను, మరుసటి రోజు పదింటికి చేరి మాట పడతాను.

బైకు కొన్న రోజు సంగతి చెబుతాను. ముప్పై ఐదు నిమిషాలు నిలబడ్డాను. తర్వాత ఒకే నంబరు బస్సులు మూడు, ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మొదటిదానికి జనం వేలాడుతున్నారు. రెండోది సగం నిండింది. మూడోదాంట్లో పది మంది కూడా లేరు. ఆ ఖాళీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సాయంత్రం బండి కొనాలని నిర్ణయించుకున్నాను.

మీలో బస్సు మానేసినవాళ్లు ఎందుకు మానేశారో, ఇంకా ఎక్కుతున్నవాళ్లు ఏం మారితే బాగుంటుందనుకుంటున్నారో రాయండి. ప్రభుత్వాన్ని తిట్టడానికి ఈ చర్చ పెట్టలేదు. చేయదగిన పనేమిటో నిజంగా తెలుసుకోవాలని ఉంది.

---

మేఘన_నర్సు · ఆదివారం రాత్రి 10:02

నేను ఇంకా ఎక్కుతున్నదాన్నే, మానేసే స్తోమత లేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. నెలనెలా పాసుకు పెట్టే డబ్బుతో మా అమ్మ మందులు కొంటున్నాను. కాబట్టి ఈ పథకాన్ని ఎవరు చిన్నచూపు చూసినా నేను ఊరుకోను.

కానీ ఒక మాట. టికెట్ డబ్బు లేకుండా చేశారు, బస్సు మాత్రం పెరగలేదు. ముందు తలుపు దగ్గర ఆడవాళ్లం ఒకరినొకరం నెట్టుకుంటూ ఎక్కుతున్నాం. రాత్రి డ్యూటీ దిగేది తెల్లవారుజామున ఆరింటికి. ఆ వేళకు బస్సు దొరుకుతుంది. పగటి డ్యూటీ అయి రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడితే మాత్రం స్టాపులో చీకట్లో నిలబడాలి. ఆఖరి బస్సు వెళ్లిపోయిందో, ఇంకా రావాలో చెప్పే మనిషి ఉండడు. చివరికి ముగ్గురం కలిసి ఆటో మాట్లాడుకుంటాం. పొద్దున మిగిలింది రాత్రి ఆటోకు పోతుంది.

---

పాత_కంట్రోలర్ · సోమవారం ఉదయం 6:20

వెంకటరమణ గారూ, మీరు ఎక్కిన మూడో బస్సు గురించి నేను చెప్పగలను. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు కంట్రోలర్‌గా. మూడు బస్సులు కలిసి రావడం డ్రైవర్ల నిర్లక్ష్యమని చాలామంది అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు.

పది నిమిషాలకో బస్సు చొప్పున వదిలామనుకోండి. మొదటి బస్సు ఒక కూడలిలో మూడు నిమిషాలు చిక్కుకుంది. తర్వాతి స్టాపులో పది నిమిషాల జనం ఉండాల్సిన చోట పదమూడు నిమిషాల జనం పోగై ఉంటారు. వాళ్లందరూ ఎక్కాలి, టికెట్లు కొట్టాలి, దిగేవాళ్లు ఆ రద్దీలోంచి బయటపడాలి. ఇంకో నిమిషం పోతుంది. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ జనం. ఇలా ముందు బస్సు ప్రతి స్టాపులోనూ ఇంకాస్త వెనకబడుతుంది. వెనుక బస్సుకేమో ఎక్కేవాళ్లు మిగలరు, అది ఆగకుండా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఎవరి తప్పూ లేకుండానే బస్సులు గుంపు కడతాయి. దీన్ని విడదీయాలంటే మధ్యలో ఒక మనిషి ఉండాలి. మా రోజుల్లో ముఖ్యమైన స్టాపుల దగ్గర గడియారం, పుస్తకం పట్టుకుని కంట్రోలర్ ఉండేవాడు. "నువ్వు నాలుగు నిమిషాలు ఆగు, ముందు బండి ఇప్పుడే పోయింది" అని చెప్పేవాడు. డ్రైవర్లు విసుక్కునేవారు, లోపల కూర్చున్నవాళ్లు తిట్టేవారు. కానీ దారి పొడవునా స్టాపుల్లో ఉన్న జనానికి మేలు జరిగేది.

రెండో సంగతి రన్నింగ్ టైమ్. ఒక చివర నుంచి ఇంకో చివరకు ఎన్ని నిమిషాలని కాగితం మీద రాసుకుంటామో అది. రోడ్డు మీద బండ్లు రెట్టింపయ్యాక కూడా పాత నిమిషాలే కొనసాగిస్తే డ్రైవర్ ప్రతి ట్రిప్పూ ఆలస్యంగానే ముగిస్తాడు. డ్యూటీ వేళ దాటిపోతుందని ఆఖరి ట్రిప్పు కట్ చేస్తారు. మేఘన తల్లీ, నువ్వు ఎదురుచూసే తొమ్మిదిన్నర బస్సు చాలాసార్లు అలా పోయిందే అయి ఉంటుంది. అది వెళ్లిపోలేదమ్మా, బయలుదేరనే లేదు.

మూడోది బస్సుల సంఖ్య. 2019 అక్టోబరు, నవంబరు నెలల్లో 52 రోజుల సమ్మె జరిగింది. ఆ తర్వాత నగరంలో వెయ్యి దాకా బస్సులు తగ్గించారు. ఆ వెంటనే కరోనా వచ్చింది. అప్పుడు బస్సు దిగి బండి కొన్నవాళ్లు చాలామంది తిరిగి రాలేదు.

1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ఈ సర్వీసు మొదలుపెట్టింది. అంత పాత సంస్థ ఇది. దాన్ని గురించి రాస్తుంటే చేతులు ఆగవు, క్షమించండి.

---

ఆర్కే_మియాపూర్ · సోమవారం ఉదయం 8:41

అందరూ బస్సు బస్సు అంటున్నారు. మెట్రో వచ్చి ఎన్నేళ్లయింది? 2017 నవంబరులో మొదలైంది, 69 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. నేను మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగుతాను, గడియారం పెట్టుకోవచ్చు. డబ్బు ఉంటే మెట్రోను పొడిగించాలి. ట్రాఫిక్‌లో చిక్కుకునే బస్సు మీద ఇంకా ఖర్చు దేనికి?

---

వెంకటరమణ_తూర్పుశివారు · సోమవారం ఉదయం 9:05

ఆర్కే గారూ, మా ఇంటి నుంచి దగ్గరి మెట్రో స్టేషన్ ఏడు కిలోమీటర్లు. అక్కడి దాకా ఎలా రావాలో చెప్పండి.

---

నగర_ప్రణాళిక_విద్యార్థి · సోమవారం మధ్యాహ్నం 1:30

రవాణా ప్రణాళికలో పీజీ చేస్తున్నాను. ఆర్కే గారి మాటలో ఒక నిజం ఉంది. మెట్రోను మనం నమ్ముతున్నది అది వేగంగా వెళ్తుందని మాత్రమే కాదు, ఎప్పుడు వస్తుందో తెలుసు కాబట్టి. బస్సులో లోపించింది సరిగ్గా అదే.

ఒక చిన్న లెక్క చూడండి. అరగంటకు మూడు బస్సులు. పది నిమిషాలకొకటి చొప్పున వస్తే, ఎప్పుడు పడితే అప్పుడు స్టాపుకు వచ్చే ప్రయాణికుడు సగటున ఐదు నిమిషాలు ఆగుతాడు. అవే మూడు బస్సులు కలిసి వస్తే సగటున పదిహేను నిమిషాలు ఆగాలి. బస్సులు అవే, డీజిల్ అదే, జీతాలు అవే, ఎదురుచూపు మాత్రం మూడింతలు. అంటే ఒక్క కొత్త బస్సు కొనకుండానే మనం ప్రయాణికుడికి పది నిమిషాలు తిరిగి ఇవ్వవచ్చు. కంట్రోలర్ గారు గడియారంతో చేసిన పని ఇదే. ఇప్పుడు బస్సుల్లో జీపీఎస్ ఉంది, కంట్రోల్ గదిలో కూర్చుని చేయవచ్చు. కానీ ఆ తెర ముందు "నువ్వు ఆగు" అని చెప్పే అధికారం ఉన్న మనిషి కూర్చోవాలి.

అయితే ఉన్న బస్సులు చాలని అనడం లేదు. నగరాల్లో లక్ష జనాభాకు 60 బస్సులు ఉండాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం పెట్టింది. మన నగర జనాభా కోటి అనుకున్నా ఆరు వేల బస్సులు కావాలి. ఉన్నవి మూడు వేలకు అటూ ఇటూ. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పేది కూడా ఒక్కటే: రోడ్డు మీద కదలాల్సింది మనుషులు, వాహనాలు కాదు.

మెట్రో, బస్సు పోటీదారులు కావు. 2004 జులైలో సియోల్ నగరం బస్సు మార్గాలన్నిటినీ కొత్తగా గీసుకుంది. దూరపు బస్సులకు నీలం రంగు, వీధుల్లోంచి స్టేషన్‌కు చేర్చే బస్సులకు ఆకుపచ్చ. బస్సు దిగి రైలెక్కితే మళ్లీ మొదటి నుంచి చార్జీ పడదు, మొత్తం దూరానికే లెక్క. వెంకటరమణ గారి ఏడు కిలోమీటర్లకు కావలసింది అలాంటి ఆకుపచ్చ బస్సు. కాలనీ నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి కాలనీకి, ఎనిమిది నిమిషాలకొకటి.

---

బెంగళూరులో_తెలుగువాడు · సోమవారం రాత్రి 8:12

మా దగ్గర బస్సులు ఆరు వేలకు పైగా ఉన్నాయి, అయినా కష్టాలు తీరలేదు. సంఖ్య ఒక్కటే సరిపోదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. 2019 అక్టోబరులో సిల్క్‌బోర్డు నుంచి టిన్ ఫ్యాక్టరీ దాకా ఔటర్ రింగ్ రోడ్డు ఎడమ వైపు ఒక వరుసను బస్సులకే కేటాయించారు. అడ్డంగా చిన్న స్తంభాలు పాతారు. పక్కన కార్లు నిలిచిపోయి ఉంటే మా బస్సు ముందుకు సాగిపోయేది. అప్పటి వరకు కంపెనీ క్యాబ్‌లో వచ్చే మా సహోద్యోగులు కొందరు మొదటిసారి బస్సెక్కారు, నేను చూశాను. తర్వాత మెట్రో పనులు మొదలై ఆ వరుస కాస్తా పోయింది. మళ్లీ అందరం ఒకే ముద్దలో ఉన్నాం.

---

సురేశ్_కూకట్‌పల్లి · సోమవారం రాత్రి 9:47

బస్సులకు ప్రత్యేక వరుస అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను కారులో వెళ్తాను. తల్లిదండ్రులిద్దరూ పెద్దవాళ్లు, తరచూ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఉన్న మూడు వరుసల్లో ఒకటి తీసేస్తే మా పరిస్థితి ఏమిటి? ఢిల్లీలో 2008లో ఇలాంటిదే పెట్టి 2016లో తవ్వేశారు కదా. విశాఖలో పెందుర్తి, సింహాచలం మార్గాల్లో బస్సుల కోసమని వెడల్పు చేసిన రోడ్ల మీద అన్నీ తిరుగుతున్నాయి. జనం పన్నులు వృథా కావడం తప్ప ఏం మిగిలింది?

---

నగర_ప్రణాళిక_విద్యార్థి · సోమవారం రాత్రి 10:35

సురేశ్ గారూ, మీ భయం న్యాయమైనదే. ఢిల్లీలో బస్సుల వరుసను రోడ్డు మధ్యలో పెట్టారు, అది మొత్తం ఆరు కిలోమీటర్ల లోపే. సిగ్నళ్ల దగ్గర అందరూ చాలాసేపు నిలవాల్సి వచ్చింది. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ అనే ప్రత్యేక వరుస బస్సుల వ్యవస్థ మాత్రం నిలబడింది. స్టేషన్లు, తలుపులు, వరుస అన్నీ కలిపి కట్టారు, తర్వాత పొడిగించారు. ముక్కలుగా చేస్తే ఓడిపోతుంది.

నేను నగరమంతా వరుసలు గీయమనడం లేదు. నిమిషానికో బస్సు వెళ్లే రోడ్లు మనకు కొన్నే ఉన్నాయి. అక్కడ ఒక వరుసలో గంటకు 60 బస్సులు, ఒక్కోదాంట్లో 60 మంది, మొత్తం 3,600 మంది. అదే వరుసలో, కూడళ్లున్న నగర రోడ్డు మీద గంటకు వెయ్యి కార్లు పోవడమే కష్టం, కారుకు సగటున ఇద్దరు కూడా ఉండరు. ఉదయం మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు మాత్రమే ఆ వరుస బస్సుకు ఇచ్చినా చాలు. అంబులెన్సు కూడా అందులోంచే పోవచ్చు. మీ తల్లిదండ్రులకు అత్యవసరమైన రోజున అది మీకూ దారే.

---

సురేశ్_కూకట్‌పల్లి · సోమవారం రాత్రి 10:58

అంబులెన్సు సంగతి నేను ఆలోచించలేదు. ఆ వేళలకే పరిమితమైతే అభ్యంతరం లేదు. అయితే ముందు ఆ ఎడమ వరుసలో నిలిపిన బండ్లను, కొట్ల ముందు దించుతున్న సరుకును తీయండి. ఇప్పుడు ఆ వరుస కార్లకూ లేదు, బస్సులకూ లేదు.

---

రైట్_రైట్ · మంగళవారం ఉదయం 5:05

నేను కండక్టర్‌ని, డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నాను. సురేశ్ గారు చివర అన్నదే మాకు రోజూ ఎదురయ్యే బాధ. "బస్సు స్టాపులో ఆపరు, ముందుకెళ్లి ఆపుతారు, పరుగెత్తిస్తారు" అని మమ్మల్ని అంటారు. బస్సు ఆగడానికి రోడ్డు పక్కన వదిలిన బస్‌బేలో పది ఆటోలు, నాలుగు తోపుడు బండ్లు ఉంటాయి. డ్రైవర్ బస్సును ఎక్కడ పెట్టాలి? రోడ్డు మధ్యలో ఆపితే వెనుక హారన్లు, దాటి ఆపితే ప్రయాణికుల తిట్లు. ముసలావిడ ఒకరు మూట పట్టుకుని పరుగెత్తుకుంటూ వస్తుంటే "హోల్డాన్" అని అరుస్తాను. అప్పటికి సిగ్నల్ పడిపోయి ఉంటుంది.

ఎక్కించుకోవడానికి పట్టే సమయం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆడవాళ్లకు డబ్బు లేదు గాని టికెట్ కొట్టాలి, దాన్నే జీరో టికెట్ అంటాం. ఆ లెక్క ప్రకారమే ప్రభుత్వం సంస్థకు డబ్బు ఇస్తుంది. కాబట్టి ప్రతి ఒక్కరికీ మెషిన్ నొక్కాలి, కార్డు చూడాలి. మగవాళ్ల దగ్గర చిల్లర. 2025 అక్టోబరు 6 నుంచి నగరంలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఆ మొదటి వారం ప్రతి ట్రిప్పులోనూ సంజాయిషీ చెప్పుకున్నాను. ఫోనుతో చెల్లించే మెషిన్లు వచ్చాక కొంత తేలికైంది. ఎనభై మంది నిలబడ్డ బస్సులో ఒక కొస నుంచి ఇంకో కొసకు నేను చేరేలోపు నాలుగు స్టాపులు దాటుతాయి.

నన్ను అడిగితే రద్దీ వేళల్లో పెద్ద స్టాపుల్లో కిందే టికెట్ ఇచ్చే మనిషిని పెట్టండి. జనం టికెట్ చేతిలో పట్టుకుని రెండు తలుపుల నుంచీ ఎక్కుతారు, బండి అర నిమిషంలో కదులుతుంది. కంట్రోలర్ గారు చెప్పిన గుంపు సగం అక్కడే విడిపోతుంది.

---

పాత_కంట్రోలర్ · మంగళవారం ఉదయం 6:15

శభాష్ బాబూ. గ్రౌండ్ బుకింగ్ అని మేము జాతరలకు, పుష్కరాలకు చేసేవాళ్లం. మేడారం వెళ్లే బస్సుల దగ్గర కిందే టికెట్లు ఇచ్చేస్తారు. రోజూ జాతరలాగే ఉండే స్టాపులు నగరంలో ఎన్నో ఉన్నాయి. అక్కడ ఎందుకు చేయకూడదు?

---

చూపు_లేని_పాఠకుడు · మంగళవారం ఉదయం 10:20

తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో మీ చర్చంతా విన్నాను. నాకు పుట్టుకతో చూపు లేదు. ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడిని. రోజూ రెండు బస్సులు మారతాను.

స్టాపులో బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. అది ఏ నంబరో పక్కవాళ్లను అడగాలి. ఎవరూ లేకపోతే తలుపు దగ్గరకు వెళ్లి అరిచి అడగాలి. జవాబు వచ్చేలోపు బస్సు కదులుతుంది. వెంకటరమణ గారు చెప్పిన మూడు బస్సులు ఒకేసారి వచ్చిన రోజున నేను ఏ బస్సు దగ్గరకూ చేరలేను. ఎవరు ఎటు ఉన్నారో తెలియని గందరగోళం అది.

మెట్రోలో స్టేషన్ పేరు చెబుతారు, నేను ఎవరినీ అడగకుండా దిగుతాను. బస్సు ఆగగానే తలుపు దగ్గర బయటకు వినిపించేలా "ఎనిమిది ఏ, చార్మినార్" అని ఒక్క మాట పలికించే చిన్న పరికరం చాలు. లోపల తర్వాతి స్టాపు పేరు చెబితే ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు, చదువు రానివాళ్లకు కూడా పనికొస్తుంది. ఇక మెట్లు. లారీ ఛాసిస్ మీద కట్టిన బస్సు నేల చాలా ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న మా సహోపాధ్యాయురాలు ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కుతుంది. నేల తక్కువ ఎత్తులో ఉండే బస్సులు వస్తే ఎక్కడం దిగడం కూడా వేగంగా అవుతుంది. ఇది మాబోటివారి మీద దయతో చేసే పని అనుకోకండి, అందరి సమయమూ కలిసొస్తుంది.

---

హారిక_బీటెక్ · మంగళవారం సాయంత్రం 5:50

మా కాలేజీ ఊరి బయట ఉంది. ఆ దారిలో ఒక్క కాలేజీ కాదు, వరుసగా చాలా ఉన్నాయి. అందరికీ తొమ్మిదింటికే మొదటి పీరియడ్. మగపిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వస్తారు, మేము ఊపిరాడక వస్తాం. పదిన్నరకు అదే దారిలో బస్సులు ఖాళీగా తిరుగుతాయి. కొన్ని కాలేజీలు ఎనిమిదిన్నరకు, కొన్ని తొమ్మిదిన్నరకు మొదలుపెడితే అవే బస్సులు రెండు ట్రిప్పులు వేయగలవు కదా? మా ప్రిన్సిపాల్‌ను అడిగాం, ఆలోచిస్తామన్నారు.

---

కృష్ణలంక_రాజేశ్వరి · మంగళవారం రాత్రి 7:33

విజయవాడ నుంచి. మాకు 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఉచితం. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కంకిపాడు వైపు నుంచి వస్తుంది. ఇదివరకు షేర్ ఆటోలో ఏడెనిమిది మందితో ఇరుక్కుని వచ్చేది. ఇప్పుడు బస్సు కోసం చూస్తుంది, కానీ సమయానికి రాకపోతే మళ్లీ ఆటోనే ఎక్కుతుంది.

అందుకని షేర్ ఆటోవాళ్లను శత్రువులుగా చూడవద్దని నా మనవి. బస్సు రాని చోట ఇన్నేళ్లూ జనాన్ని మోసింది వాళ్లే. ఆటో ఎందుకు గెలుస్తోందో చూడండి. స్టాపులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది, అంతే. నిండగానే కదులుతుంది, చెయ్యెత్తితే ఆగుతుంది. ఇరుకు సందుల్లోకి పెద్ద బస్సు రాలేని చోట వాళ్లకే మార్గాలు, వేళలు, రేట్లు నిర్ణయించి బస్సుకు అనుసంధానిస్తే వాళ్ల పొట్ట కూడా నిండుతుంది.

---

లెక్కల_మాస్టారు · మంగళవారం రాత్రి 9:20

ఇన్ని కోరికలకు డబ్బు ఎక్కడిది? నిష్ఠూరంగా అడగడం లేదు, అడగాల్సిన ప్రశ్న కాబట్టి అడుగుతున్నాను. తెలంగాణలో ఉచిత ప్రయాణాలు 2025 జులై నాటికి 200 కోట్లు దాటాయి. ఆ టికెట్ల విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి, అదీ సకాలంలో. ఆ డబ్బు ఆలస్యమైతే సంస్థ టైర్లు కొనడం వాయిదా వేస్తుంది, ఖాళీలు నింపడం ఆపుతుంది, ఆఖరికి మేఘన గారి రాత్రి బస్సు ఆగిపోతుంది.

కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల కోసం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఆనందమే. అయితే ఇవి కిలోమీటరుకు ఇంత అని చెల్లించే పద్ధతిలో నడుస్తాయి. బస్సు, డ్రైవర్ ప్రైవేటు కంపెనీవి. కండక్టర్, టికెట్ డబ్బు ఆర్టీసీవి. కంపెనీకి కావలసింది కిలోమీటర్లు, మనకు కావలసింది సమయానికి వచ్చే బస్సు. రెండూ ఒకటి కాదు. మూడు బస్సులు గుంపుగా తిరిగినా కిలోమీటర్లు మాత్రం పూర్తవుతాయి. కాబట్టి ఒప్పందంలో వేళ తప్పితే కోత, వేళకు నడిపితే అదనం అని రాసుకోవాలి. ఒకసారి సంతకాలైతే పన్నెండేళ్లు, పదిహేనేళ్లు అదే కాగితం మనల్ని నడిపిస్తుంది.

---

పాత_కంట్రోలర్ · బుధవారం ఉదయం 6:08

మాస్టారు చెప్పింది బంగారం లాంటి మాట. మా మీద కూడా కిలోమీటర్ల లెక్కే ఉండేది. సాయంత్రం డిపోలో అడిగేవి మూడే: ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి, కిలోమీటరుకు ఎంత వచ్చింది, లీటరుకు ఎంత ఇచ్చింది. స్టాపులో నిలబడిన మనిషి ఎంతసేపు ఆగాడని నా ముప్పై రెండేళ్లలో ఒక్క సమీక్షలో కూడా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

---

ఆర్కే_మియాపూర్ · బుధవారం ఉదయం 8:30

మొదట రాసిన మాట కొంత వెనక్కు తీసుకుంటున్నాను. నిన్న మా అమ్మాయి మెట్రో దిగి మా కాలనీకి రావడానికి ఆటోకు ఎంత ఇస్తుందో అడిగాను. మెట్రో చార్జీ కంటే ఎక్కువ. ఆ ఆకుపచ్చ బస్సు మాకూ కావాలి.

అయితే ఒక సందేహం. 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చారు, బస్సు ఎక్కడుందో ఫోనులో చూడవచ్చు. అది ఉండగా స్టాపుల్లో వేళల బోర్డులు కూడా కావాలా?

---

మేఘన_నర్సు · బుధవారం మధ్యాహ్నం 2:15

ఆర్కే గారూ, యాప్ చూపేది రోడ్డెక్కిన బస్సును. డిపోలోంచి బయలుదేరని బస్సును, కట్ అయిన ట్రిప్పును కూడా చూపాలి. "9:40 సర్వీసు ఈ రోజు లేదు" అని ఎనిమిదింటికే తెలిస్తే మా వార్డులో ఎవరినైనా తోడు అడుగుతాను. అన్నం ఉడకలేదని చెబితే సర్దుకుంటాం, పొయ్యి మీద ఉందని చెప్పి కూర్చోబెడితేనే కష్టం. ఇక మా ఆసుపత్రిలో శుభ్రం చేసే అక్కలకు మీట నొక్కే ఫోన్లే ఉన్నాయి. వాళ్ల కోసం స్టాపులో ఒక బల్ల, ఒక దీపం, మొదటి బస్సు ఆఖరి బస్సు వేళలు పెద్ద అక్షరాలతో రాసిన రేకు. అది కరెంటు లేకపోయినా పనిచేస్తుంది.

---

వెంకటరమణ_తూర్పుశివారు · బుధవారం రాత్రి 8:50

మూడు రోజుల్లో ఇంత నేర్చుకుంటానని అనుకోలేదు. అన్నీ మన చేతుల్లో లేవు. ఒప్పందాలు, కొత్త బస్సులు, ప్రత్యేక వరుసలు పైవాళ్లు చూడాలి. కానీ కంట్రోలర్ గారు రాసిన ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. స్టాపులో మనిషి ఎంతసేపు ఆగాడో ఎవరూ లెక్కపెట్టలేదు. మనం లెక్కపెడదాం.

ఒక్క స్టాపు, ఒక్క నంబరు, వారం రోజులు. ప్రతి బస్సు వచ్చిన వేళ, నిండిందా ఖాళీయా, స్టాపులో ఆగిందా దాటిపోయిందా. అంతే రాద్దాం. వారం తర్వాత ఆ కాగితం తీసుకుని డిపో మేనేజర్ గారిని కలుద్దాం. ఫిర్యాదు రాసి సంతకాలు పెడితే దస్త్రంలో పడుతుంది. వేళలు రాసి ఇస్తే మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది. కంట్రోలర్ గారూ, మీరు వస్తారా?

---

పాత_కంట్రోలర్ · బుధవారం రాత్రి 9:04

వస్తాను. నా దగ్గర పాత నమూనా కాగితం ఉంది, గీతలు గీసి పంపుతాను. అడ్డం వేళ, నిలువు రోజు. బస్సు వచ్చిన వేళ ఒక్కటే కాదు, కదిలిన వేళ కూడా రాయండి. ఆగి ఉన్న నిమిషాలు కూడా అప్పుడే తెలుస్తాయి. ఒకటి గుర్తుంచుకోండి, డ్రైవర్ పేరు గాని, కండక్టర్ పేరు గాని రాయవద్దు. మనం వెతుకుతున్నది నిమిషాలను, మనుషులను కాదు.

---

హారిక_బీటెక్ · బుధవారం రాత్రి 9:31

సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా నేను, మా స్నేహితురాలు రాస్తాం. ఎలాగూ అక్కడే నిలబడతాం.

---

రైట్_రైట్ · బుధవారం రాత్రి 10:40

ఇప్పుడే డ్యూటీ దిగాను. మా వైపు నుంచి ఒకటి కలపండి. ట్రాఫిక్‌లో ఎక్కడ ఎన్ని నిమిషాలు పోయాయో మేము కూడా రాసి ఇస్తాం, బస్సులోంచి. మీది, మాది పక్కపక్కన పెట్టి చూస్తే రన్నింగ్ టైమ్ ఎక్కడ మార్చాలో అదే చెబుతుంది. నాకు తెలిసిన ఇంకో ఇద్దరు కండక్టర్లు ఒప్పుకున్నారు.

---

మేఘన_నర్సు · గురువారం ఉదయం 6:25

రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నా పేరు రాసుకోండి. ఈ వారం నాలుగు రోజులు పగటి డ్యూటీ. మిగిలిన మూడు రాత్రులకు ఎవరైనా కావాలి, వెలుతురు తక్కువ కాబట్టి ఇద్దరైతే మేలు.

---

సురేశ్_కూకట్‌పల్లి · గురువారం ఉదయం 7:50

ఆ మూడు రాత్రులకు నేను, మా తమ్ముడు వస్తాం. స్టాపు ఎక్కడో చెప్పండి.